21 అంగుళాల డబ్బా టీవీతో ఏడేళ్లు: పాత వీడియో గేములకు ఏ టీవీ మంచిది

సూపర్ మారియో మొదటి స్టేజి చివర్లో రెండు మెట్ల వరుసల మధ్య ఒక గొయ్యి ఉంటుంది. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటేసిన గొయ్యి. 2017లో కొత్తగా కొన్న 43 అంగుళాల ఎల్ఈడీ టీవీకి పాత గేమ్ బాక్సు తగిలించి ఆడితే వరుసగా నాలుగుసార్లు అందులోనే పడ్డాను. అలవాటు తప్పిందేమో అనుకున్నాను. ఆ దసరాకు ఊరెళ్లి, అమ్మ గదిలో మూలనున్న డబ్బా టీవీకి అదే బాక్సు, అదే వైరు పెట్టి ఆడాను. మొదటిసారికే దాటేశాను. తప్పు చేతులది కాదు, తెరదని అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి ఈ విషయం వదల్లేదు. 29 అంగుళాల డబ్బా టీవీ ఒకటి కొని వదిలించుకున్నాను. 2018లో తెచ్చుకున్న 21 అంగుళాల సోనీ ట్రినిట్రాన్ ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. మా తమ్ముడి ఇంట్లో ఓలెడ్ టీవీ, స్కేలర్ బాక్సు (పాత బొమ్మను కొత్త టీవీకి తగ్గట్టు మార్చి పంపేది) మీద కూడా సెలవులన్నీ ఆడాను. నా దగ్గరున్నవి మూడు రకాలు: చిన్నప్పటి పసుపుపచ్చ క్యాసెట్ల బాక్సు, అమెరికా నుంచి మా బావ తెచ్చిచ్చిన సెగా జెనెసిస్, ప్లేస్టేషన్ 2. పాత గేములు ఆడటానికి టీవీ వెతుక్కునేవాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అసలు తేడా ఎక్కడుందో చెప్పాలి. పాత టీవీ ఒక బొమ్మను రెండు విడతలుగా గీస్తుంది, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. అమెరికా, జపాన్లు వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఒక్కో విడతకు 262న్నర గీతలు. ఆ అర గీత వల్లే రెండో విడత వచ్చి మొదటిదాని సందుల్లో పడుతుంది. అప్పటి గేమ్ బాక్సులు ఆ అర గీత మానేసి సరిగ్గా 262 పంపేవి. దాంతో ప్రతి విడతా ఒకేచోట పడుతుంది. బొమ్మ వణకదు, గీతకూ గీతకూ మధ్య సన్నటి నల్లటి సందు మిగులుతుంది. 240పీ అనేది దీన్నే. ఆ రోజుల్లో బొమ్మలు గీసినవాళ్లు ఈ తెర మీద చూసుకుంటూ గీశారు.

కొత్త టీవీల్లో చాలావాటికి ఈ సంగతి తెలియదు. వచ్చినదాన్ని 480ఐ, అంటే మామూలు రెండు విడతల బొమ్మ అనుకుని, రెండు విడతలను ఒకటిగా కుట్టడానికి ప్రయత్నిస్తాయి. దెబ్బ తగిలి మిణుకుమిణుకుమనే హీరో ఒక్కోసారి పూర్తిగా మాయమైపోతాడు, లేకపోతే దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాడు. ఈ కుట్టుపనికి సమయం పడుతుంది కూడా. ఫోన్లో స్లో మోషన్ పెట్టి బటనునూ తెరనూ కలిపి వీడియో తీశాను. గేమ్ మోడ్ వేయని మా ఎల్ఈడీలో, బటన్ నొక్కాక మారియో లేవడం డబ్బా టీవీ కన్నా ఆరు ఫ్రేములు వెనకబడింది. సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి, అది సెకనులో పదో వంతు. గొయ్యిలో పడటానికి అది చాలు.

తుపాకీ ఆట సంగతి మరీ స్పష్టం. డక్ హంట్‌లో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగును ఆ క్షణంలోనే చూడాలి. ఎల్ఈడీ తెర మీద ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది. గురి ఎంత బాగున్నా బాతు పడదు. ఆ పాత తుపాకీతోనే, ఏ మార్పూ చేయకుండా ఆడాలంటే డబ్బా టీవీయే కావాలి.

అయితే ఏ డబ్బా టీవీ అయినా సరిపోదు. ఇక్కడే నేను మొదట పొరపాటు పడ్డాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో 29 అంగుళాల ఫ్లాట్ టీవీ ఒకటి కనిపించింది. పెద్ద తెర, కొత్తదానిలా మెరుస్తోంది. ముందు భాగంలో 100 హెర్ట్జ్ అని స్టిక్కర్ ఉంది. ఎక్కువంటే మంచిదే కదా అని బేరమాడి తెచ్చాను. ఇంటికొచ్చి పెడితే సెగా గేము సోనిక్ పరుగులో చారలు, డక్ హంట్‌లో ఒక్క బాతూ పడలేదు. ఈ 100 హెర్ట్జ్ టీవీలు పైకి డబ్బావే కానీ, వచ్చిన బొమ్మను లోపల మెమరీలో దాచుకుని, రెట్టింపు వేగంతో మళ్లీ గీస్తాయి. సినిమాలకు కళ్లు అలసిపోకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. గేముకు మాత్రం ఎల్ఈడీలో ఉన్న జబ్బే ఇందులోనూ ఉంటుంది. మీకు ఎక్కడైనా ఆ స్టిక్కర్ కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. 2000 సంవత్సరం తర్వాత వచ్చిన, లోతు తగ్గించిన స్లిమ్ డబ్బా టీవీల జోలికీ నేను వెళ్లను. చూసిన రెండింటిలోనూ అంచుల దగ్గర గీతలు వంకరగా ఉన్నాయి, సరిచేయించినా నిలవలేదు. 29 అంగుళాలది ఇద్దరం కలిసినా రెండో అంతస్తుకు మోయలేకపోయాం. 21 అంగుళాలది మా తమ్ముడూ నేనూ తేలిగ్గా ఎక్కించాం.

ఇక నా 21 అంగుళాల టీవీ. పక్కవీధి వాళ్లు ఇల్లు మారుతూ పారేయబోతుంటే 1,200 రూపాయలిచ్చి తీసుకున్నాను. ట్రినిట్రాన్ అంటే పిక్చర్ ట్యూబు లోపల చుక్కల చిల్లుల జల్లెడకు బదులు నిలువు తీగల జాలి ఉంటుంది. 1968లో సోనీ తెచ్చిన పద్ధతి. వెలుగు ఎక్కువగా బయటికొస్తుంది, అందుకే రంగులు అంత నిండుగా ఉంటాయి. ఆ తీగలు కదలకుండా అడ్డంగా సన్నటి తీగ కట్టి ఉంటుంది. తెల్లటి తెర మీద దాని నీడ వెంట్రుకలా కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు గీత పడిందనుకుంటారు, అది పాడవటం కాదు.

కొనే ముందు చూడాల్సింది మూడోది కూడా ఉంది: వెనక ఏ పిన్నులున్నాయో. పసుపుపచ్చ పిన్ను చాలావాటికి ఉంటుంది. దాంతోపాటు ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులు, డీవీడీ కోసం ఇచ్చినవి, ఉన్న టీవీ దొరికితే వదలకండి. ప్లేస్టేషన్ 2ను ఆ మూడు వైర్ల కాంపోనెంట్ కేబుల్‌తో పెట్టిన రోజు నేను పక్కకు లేవలేదు. 2009లో మన హైదరాబాద్‌లోనే తయారైన హనుమాన్: బాయ్ వారియర్ గేమును అప్పటిదాకా మసకగా చూసినవాణ్ని, అక్షరాల అంచులు విడివిడిగా కనిపించాయి. పెట్టేటప్పుడు బొమ్మ పచ్చగా, వింతగా వస్తే భయపడొద్దు. ప్లేస్టేషన్ సెట్టింగులలో కాంపోనెంట్ అన్న చోట ఆర్‌జీబీ కాకుండా రెండోది ఎంచుకోవాలి. కొన్ని గేములు ప్రోగ్రెసివ్ స్కాన్ (గీతలన్నీ ఒకే విడతలో గీయడం) కావాలా అని అడుగుతాయి. మామూలు డబ్బా టీవీ దాన్ని పట్టలేదు, వద్దనే చెప్పాలి. మా మేనల్లుడు ఒకసారి సరేనన్నాడు, తెరంతా చీలి దొర్లిపోయింది.

అలాగని అన్నింటికీ ఖరీదైన వైరే మంచిదని కాదు. సోనిక్ మొదటి స్టేజిలో జలపాతం ఉంటుంది. దాన్ని దగ్గరికెళ్లి చూడండి. నిజానికి గీసింది జలపాతం కాదు, ఒకటి విడిచి ఒకటి నిలువు గీతలు. సెగా బాక్సుకు పారదర్శకంగా రంగు వేసే శక్తి లేదు. పసుపు పిన్ను వైరులో ఆ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, వెనక కొండ కనిపించే నీళ్లుగా మారతాయి. స్కేలర్ బాక్సుతో, మూడు రంగులనూ విడివిడిగా పంపే ఆర్‌జీబీ వైరుతో చూస్తే ఇనుప కమ్మీల గేటులా ఉంటుంది. నేను జెనెసిస్‌ను ఇప్పటికీ పసుపు పిన్నుతోనే ఆడుతున్నాను. రంగుల అంచుల్లో ఇంద్రధనస్సు చారలు కాస్త కనిపిస్తాయి. ఆ నీళ్ల కోసం అది నాకు సమ్మతమే.

జెనెసిస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50. అమెరికా బాక్సు ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు 60. తొలి సోనిక్‌ను పాల్ బాక్సులో ఆడితే ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది, పాట కూడా సాగుతుంది. 60లో వినేదాకా నాకు ఆ తేడా తెలియలేదు. మా తాతయ్య ఇంట్లో ఉన్న ఈసీ టీవీలాంటి పాతవి ఎన్‌టీఎస్‌సీని రంగుల్లో చూపలేవు. 1990ల చివర్లోనూ ఆ తర్వాతా వచ్చినవాటిలో చాలావరకు రెండూ పడతాయి, రిమోట్ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉందో లేదో చూసుకోండి. అమెరికా నుంచి తెప్పించుకుంటే దాని అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. వోల్టులు, ఆంపియర్లు, పిన్ను ధ్రువాలు చూసుకుని ఇక్కడిదే కొనుక్కోవాలి.

పాత టీవీ కొనడానికి వెళ్లినప్పుడు మీ గేమ్ బాక్సు సంచిలో పెట్టుకెళ్లండి. ఇరవై నిమిషాలు ఆన్‌లో ఉంచి చూడాలి. ఆన్ చేశాక బొమ్మకు పూర్తి వెలుగు రావడానికి నిమిషాలు పడితే ట్యూబు అరిగిపోయినట్టే. తెల్లటి తెరలో ఊదారంగు మచ్చలుంటే కంగారుపడనక్కర్లేదు, పక్కన స్పీకరుంటే అలాగే వస్తుంది. స్పీకర్ తీసేసి, మెయిన్ స్విచ్ ఆపి అరగంట చల్లారనిచ్చి మళ్లీ వేస్తే, లోపలి డీగాస్ కాయిల్ బొంయ్‌మని చాలావరకు చెరిపేస్తుంది. మూలల్లో ఛానెల్ లోగో ముద్ర పడి ఉందేమో చూడండి, అది మాత్రం పోదు.

ఏడేళ్లలో నా టీవీ ఒక్కసారే మొరాయించింది. 2021 వానాకాలంలో ఒక సాయంత్రం బొమ్మంతా ముడుచుకుపోయి తెర మధ్యలో ఒకే ఒక్క తెల్లటి అడ్డగీత మిగిలింది. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాల దుకాణంవాళ్లు చెబితే ఒక పెద్దాయన ఇంటికొచ్చారు. వెనక మూత తీసి, బోర్డును టార్చి వెలుగులో అటూ ఇటూ వంచి, వర్టికల్ ఐసీ కాలు చుట్టూ ఉన్న సన్నటి వలయాన్ని చూపించారు. "డ్రై సోల్డర్ సార్, గింతే. ట్యూబ్ మంచిగుంది, పారేయకున్రి" అన్నారు. రెండు నిమిషాల్లో అతికి, 400 రూపాయలు తీసుకున్నారు. నేను దగ్గరికి వంగబోతే చెయ్యి అడ్డుపెట్టారు. "ఆ ఎర్ర టోపీ దగ్గర పాతికవేల వోల్టులుంటది సార్, ప్లగ్గు పీకినా ఉంటది." దయచేసి మీరెవరూ సొంతంగా వెనక మూత తీయకండి.

మూత తీయకుండా చేసుకోగలిగింది ఒకటుంది. చాలా సోనీ డబ్బా టీవీల్లో స్టాండ్‌బైలో ఉండగా రిమోట్ మీద డిస్‌ప్లే, 5, వాల్యూమ్ పెంచే బటన్, పవర్ వెంటవెంటనే నొక్కితే సర్వీస్ మెనూ తెరుచుకుంటుంది. బొమ్మ పొడవు, వెడల్పు, వంపు అందులో సరిచేయవచ్చు. ఏదైనా మార్చేముందు ఉన్న అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. మారియో ప్రాణాల లెక్క పైన సగం తెగిపోయేది, ఒక గంట కూర్చుని సరిచేసుకున్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. డబ్బా టీవీ నుంచి సన్నటి కీచుమనే శబ్దం వస్తుంది, 15 వేల హెర్ట్జ్‌కు కాస్త పైన. నా వయసు చెవులకు వినిపించదు. మా తొమ్మిదేళ్ల అమ్మాయి మాత్రం పక్క గదిలోంచే "నాన్నా, డబ్బా టీవీ వేశావా?" అని అడుగుతుంది. తనకు గంటకు మించితే తలనొప్పి వస్తుంది, అందుకే సమయం పెట్టుకుని ఆడతాం.

ఇంట్లో అంత చోటు లేనివాళ్లు ఏం చేయాలి? 500 రూపాయలకు దొరికే ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బీ కొనకండి. 240పీని 480ఐగానే చూసి, బొమ్మను అడ్డంగా సాగదీసి, ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది. మా తమ్ముడి దగ్గరున్నది రెట్రోటింక్ 5ఎక్స్. 2021లో వచ్చింది, అప్పట్లో 300 డాలర్లకు అటూ ఇటూ ఉండేది, సుంకం అదనం. 240పీని 240పీగానే గుర్తించి, ఒక ఫ్రేము కూడా ఆలస్యం చేయకుండా హెచ్‌డీఎంఐగా ఇస్తుంది. టీవీని గేమ్ మోడ్‌లో పెడితే గొయ్యి దాటగలిగాను, అది నా పరీక్ష. ప్లేస్టేషన్ 2 పెద్ద తెర మీద అద్భుతంగా ఉంది. సోనిక్ పరుగులో మాత్రం నేల కొంచెం పులుముకున్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఓలెడ్ ప్రతి బొమ్మనూ ఫ్రేమంతా పట్టి ఉంచుతుంది, డబ్బా టీవీ మెరిపించి వదిలేస్తుంది. బడ్జెట్టుండి, చోటు లేకపోతే ఇదే కొనమంటాను. రెండూ ఉంటే 21 అంగుళాల డబ్బాయే.

పెద్ద కంపెనీలేవీ ఇప్పుడు వీటిని తయారు చేయడం లేదు కాబట్టి నేను ఇంకొకటి దాచిపెట్టుకోబోతున్నాను. నల్గొండలో మా మేనత్త ఇంటి అటక మీద అలాంటిదే 21 అంగుళాలది ఉంది. "దుమ్ము పట్టిపోతోంది, పట్టుకుపోరా" అంది. వచ్చే ఆదివారం కారులో తెస్తున్నాను. బరువంతా అద్దం వైపే ఉంటుంది కాబట్టి, తెర ముఖం వెనక సీటు వీపుకు ఆనేలా పెట్టి, చుట్టూ బొంత చుట్టాలి.