పోస్ట్‌ఫిక్స్ వాకిట్లో పోస్ట్‌స్క్రీన్: ఏడేళ్లు వాడాక

మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ అయిన పోస్ట్‌ఫిక్స్ వాకిట్లో నిలబడి స్పామ్ పంపే బాట్లను ఆపే భాగం పోస్ట్‌స్క్రీన్. అది 2011లో పోస్ట్‌ఫిక్స్ 2.8తో వచ్చింది. అదేం చేస్తుందో, సెట్టింగుల ఫైలు మాస్టర్.సీఎఫ్‌లో ఏయే వరసల ముందు హ్యాష్ గుర్తు తీసేయాలో మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను రాస్తున్నది దాదాపు ఒకే ఒక్క సెట్టింగ్ గురించి: పోస్ట్‌స్క్రీన్_డీఎన్ఎస్‌బీఎల్_సైట్స్. డీఎన్ఎస్‌బీఎల్ అంటే డీఎన్ఎస్‌లో అడిగి చూసుకునే స్పామ్ ఐపీల బ్లాక్‌లిస్టు; ఏయే లిస్టులను అడగాలో చెప్పేది ఈ సెట్టింగ్. ఈ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇప్పటికీ కోపం చల్లారనిది కూడా దాని మీదే.

నచ్చిన సంగతి ముందు. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్ అందుకునే అసలు ప్రోగ్రామ్ ఎస్‌ఎమ్‌టీపీడీలో రిజెక్ట్_ఆర్‌బీఎల్_క్లయింట్ అనే నియమం పెడితే, ఇచ్చిన బ్లాక్‌లిస్టుల్లో ఏ ఒక్కదాంట్లో ఐపీ కనబడినా మెయిల్ తిరిగిపోతుంది. ఆ ఒక్క లిస్టూ పొరపాటు పడిందంటే మీరూ పొరపాటు పడ్డట్టే. పోస్ట్‌స్క్రీన్ అలా తొందరపడదు, మార్కులు వేస్తుంది. నేను వాడే లెక్క ఇది: జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్‌కు 3, బీఎల్.స్పామ్‌కాప్.నెట్‌కు 2, బర్రకూడా లిస్టుకు 2, మంచివాళ్ల జాబితా అయిన లిస్ట్.డీఎన్ఎస్‌డబ్ల్యూఎల్.ఆర్గ్‌కు మైనస్ 2. గీత 3 దగ్గర. స్పామ్‌కాప్ ఒక్కటే వేలు చూపిస్తే మెయిల్ ఆగదు. బర్రకూడా కూడా తోడైతే 4 అయి ఆగుతుంది. మంచి పేరున్న సర్వర్ ఒకటి ఆ రెండింట్లోనూ ఒకేరోజు పడిందనుకోండి, 2+2-2, అంటే 2, లోపలికి వచ్చేస్తుంది. స్పామ్‌హాస్ మీద నమ్మకం ఎక్కువ కాబట్టి దాని మాట ఒక్కటే చాలు. ఈ మాత్రం వివేకం ఉన్న ఫిల్టర్, అదీ ఎస్‌ఎమ్‌టీపీడీ ప్రాసెస్ ఒక్కటి కూడా మొదలవకముందే పనిచేసేది, పోస్ట్‌ఫిక్స్‌తో పాటే ఉచితంగా రావడం చిన్న విషయం కాదు.

ఇక కోపం సంగతి. పై లెక్కలో ఒక ముక్క కావాలనే వదిలేశాను, ఎందుకంటే నెట్‌లో దొరికే చాలా నమూనా కాన్ఫిగ్‌లు కూడా దాన్ని వదిలేస్తాయి. స్పామ్‌హాస్ పేరు పక్కన =127.0.0.[2..11] అని ఉండాలి. పూర్తి రూపం: జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్=127.0.0.[2..11]*3. నక్షత్రం తర్వాతది మార్కులు. సమానం గుర్తు తర్వాతది ఏ జవాబులను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే వడపోత. అది రాయకపోతే, లిస్టు నుంచి ఏ చిరునామా జవాబుగా వచ్చినా "ఈ ఐపీ లిస్టులో ఉంది" అనే పోస్ట్‌స్క్రీన్ అర్థం చేసుకుంటుంది.

ఏ జవాబైనా అంటే నిజంగా ఏ జవాబైనా. దీని దెబ్బ ఎలా ఉంటుందో వివరంగా చెప్పాలి. సర్వర్ హోస్టింగ్ చేసే కంపెనీ నెట్‌వర్క్‌లో ఏదో మార్చి రీబూట్ చేసింది. డీఎన్ఎస్ ప్రశ్నలు ఏ రిజాల్వర్‌ను అడగాలో రాసుండే రిజాల్వ్.కాన్ఫ్‌లో 127.0.0.1 (అంటే సర్వర్ మీదున్న సొంత రిజాల్వర్) పోయి, దాని చోట ఒక పబ్లిక్ రిజాల్వర్ వచ్చి కూర్చుంది. 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ల నుంచి వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ జవాబు చెప్పదు. చెప్పననే మాటను 127.255.255.254 అనే చిరునామా రూపంలో పంపుతుంది. మితిమీరి అడిగినవాళ్లకు 127.255.255.255, లిస్టు పేరు తప్పు రాసినవాళ్లకు 127.255.255.252 వస్తాయి. ఇవి ఎర్రర్ కోడ్‌లే తప్ప ఎవరి మీదా ఫిర్యాదులు కావు. వడపోత లేని పోస్ట్‌స్క్రీన్‌కు ఆ తేడా తెలియదు. దానికి ప్రపంచంలోని ప్రతి ఐపీకీ 3 మార్కులు పడ్డాయి, గీత కూడా 3 దగ్గరే ఉంది. అంతే, మంచివాళ్ల జాబితా మైనస్ 2 ఆదుకున్నవి తప్ప బయటి నుంచి వచ్చే ప్రతి మెయిల్‌కూ 550, అంటే శాశ్వత తిరస్కరణ.

ఈ తప్పు బయటపడే తీరు మరీ దారుణం. మొదటి గంటలో కొన్ని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. అంతకుముందు పరీక్ష నెగ్గిన ఐపీలను పోస్ట్‌స్క్రీన్ క్యాష్‌లో గుర్తుపెట్టుకుంటుంది. డీఎన్ఎస్‌బీఎల్ ఫలితం మామూలుగా గరిష్ఠంగా గంటసేపు చెల్లుతుంది కాబట్టి, వాటికి లాగ్‌లో పాస్ ఓల్డ్ అని పడి దారి దొరుకుతుంది. అందుకని మొదట చూసేవాళ్లకు ఇది అవతలి సర్వర్ల సమస్యలా కనిపిస్తుంది. ఆఫీసులోవాళ్లు ఒకరికొకరు పంపుకునేవి ఆగవు. బయటికి వెళ్లేవి ఆగవు. క్యూ ఖాళీగా ఉంటుంది, డిస్క్ బాగుంటుంది, సర్టిఫికెట్ బాగుంటుంది. ఇన్‌బాక్స్ దాదాపు నిశ్శబ్దంగా ఉండటం ఒక్కటే లక్షణం. ఆదివారం జరిగితే ఆ నిశ్శబ్దాన్ని అనుమానించేవాళ్లు కూడా ఉండరు.

పట్టుకోవడం మాత్రం ఒక్క గ్రెప్ పని. మార్కుల లెక్క కోసం డీఎన్ఎస్‌ను అడిగే చిన్న ప్రోగ్రామ్ డీఎన్ఎస్‌బ్లాగ్. ప్రతి జవాబునూ అది లాగ్‌లో రాస్తుంది: ఫలానా ఐపీ ఫలానా లిస్టులో ఫలానా కోడ్‌తో ఉంది అని. మెయిల్ లాగ్‌లో 127.255.255 కోసం వెతకండి. ఒక్కటి కనిపించినా జబ్బు ఇదే. తర్వాత డీఎన్ఎస్‌ను అడిగే డిగ్ కమాండ్‌తో 2.0.0.127.జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్‌ను అడగండి. ఇది పరీక్ష కోసమే ఉంచిన పేరు, ఆరోగ్యంగా ఉన్న రిజాల్వర్ నుంచి అడిగితే 127.0.0.2 లాంటి జవాబులు రావాలి. అలాగే 1.0.0.127 పెట్టి అడిగితే ఏ జవాబూ రాకూడదు. రోజుకోసారి క్రాన్‌లో నడిపించాల్సింది ఈ రెండు ప్రశ్నలే.

మందు రెండు భాగాలు. ఒకటి, సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టుకోవాలి, దానికి ఫార్వర్డర్ (ప్రశ్నలను అప్పజెప్పే మరో రిజాల్వర్) ఇవ్వకూడదు. ఫార్వర్డర్‌గా మళ్లీ పబ్లిక్ రిజాల్వర్‌నే ఇచ్చి, లోకల్ రిజాల్వర్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. ప్రశ్న చివరికి వెళ్లేది అక్కడి నుంచే కాబట్టి లాభం సున్నా. రెండు, ప్రతి లిస్టుకూ వడపోత రాయాలి. స్పామ్‌కాప్‌కు, బర్రకూడాకు =127.0.0.2. డీఎన్ఎస్‌డబ్ల్యూఎల్‌కు =127.0.[0..255].[1..3]. ఈ చివరిదాన్ని అశ్రద్ధ చేయకండి. పరిమితి దాటి అడిగితే డీఎన్ఎస్‌డబ్ల్యూఎల్ 127.0.0.255 అని జవాబిస్తుంది. వడపోత లేకుంటే స్పామర్లందరికీ మైనస్ 2 బహుమతిగా పోతుంది, ఆ నష్టం లాగ్‌లో తప్పుగా కూడా కనబడదు. ఇంకొక చిక్కు: డీఎన్ఎస్‌బ్లాగ్ క్రూట్‌లో, అంటే ఒక డైరెక్టరీ దాటి చూడలేని కట్టడిలో, నడుస్తుంటే అది చదివేది స్పూల్ డైరెక్టరీ కిందున్న రిజాల్వ్.కాన్ఫ్ నకలును. అసలు ఫైలు సరిదిద్దినా నకలు పాతదే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టి, ఆ నకలును ఒకసారి తెరిచి చూడండి.

ఇక్కడే ఒక మంచి ఆశ్చర్యం కూడా ఉంది. పోస్ట్‌స్క్రీన్ గుర్తుపెట్టుకునేది నెగ్గినవాళ్లను మాత్రమే, ఓడినవాళ్లను కాదు. ఎన్ఫోర్స్ చర్య (ఓడినవాళ్లను ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) కింద ఓడిన ఐపీ మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి పరీక్ష. అందువల్ల వడపోత రాసి రీలోడ్ చేసిన మరుక్షణం అందరికీ దారి తెరుచుకుంది, కడగాల్సిన క్యాష్ ఏమీ లేదు. ఇంకొకటి, చర్య డ్రాప్ కాకుండా ఎన్ఫోర్స్ అయి ఉండటం ప్రాణం పోసింది. డ్రాప్ అయితే 521 చెప్పి అక్కడికక్కడే కనెక్షన్ తెంచేస్తుంది, లాగ్‌లో ఐపీ తప్ప ఏమీ మిగలదు. ఎన్ఫోర్స్ అయితే సంభాషణను ఆర్‌సీపీటీ (మెయిల్ ఎవరికో చెప్పే కమాండ్) దాకా సాగనిచ్చి, అప్పుడు 550 చెబుతుంది. పంపినవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా, అవతలి సర్వర్ తనదని చెప్పుకునే హెలో పేరు అన్నీ లాగ్‌లో పడతాయి. తిరగ్గొట్టిన మెయిల్ మన క్యూలోకి రాదు కాబట్టి దాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు. కానీ ఎవరెవరు ఎవరెవరికి రాశారో జాబితా తీసి, మళ్లీ పంపమని అడగొచ్చు. కొన్ని మైక్రోసెకన్లు కలిసొస్తాయని డ్రాప్ పెట్టేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలాలి.

ఇది అరుదుగా జరిగే సంగతి అనుకోవద్దు. 2021 జనవరి 31న స్పామ్‌కాప్ డొమైన్ గడువు తీరిపోయింది. ఏ పేరు అడిగినా పార్కింగ్ పేజీ చిరునామా రావడంతో, దాని మాటను గుడ్డిగా నమ్మిన సర్వర్లు మెయిళ్లు తిరగ్గొట్టడం మొదలుపెట్టాయి. =127.0.0.2 రాసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. 2024 జూన్‌లో సార్బ్స్ అనే బ్లాక్‌లిస్టు మూతపడింది. ఇప్పటికీ ఆ పేరు కాన్ఫిగ్‌లో ఉంచుకున్నవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. అయితే వడపోత సర్వరోగ నివారిణి కాదు. మూతపడే లిస్టు ఏదైనా వెళ్తూ వెళ్తూ అందరికీ 127.0.0.2 అని చెప్పడం మొదలుపెడితే వడపోత దాన్ని ఆపలేదు. అప్పుడు కాపాడేది మార్కులే. అందుకే స్పామ్‌హాస్ తప్ప మరే లిస్టుకూ ఒంటరిగా గీత దాటే మార్కులు ఇవ్వను.

ఇంతగా మెచ్చుకున్నాక రెండు మూడు మాటలు వెనక్కి తీసుకోవాలి. సర్వర్ 220 అని పలకరించాక, అవతలివాళ్లు మెయిల్ సంభాషణ నియమాలు పాటిస్తున్నారా అని చేసే మూడు పరీక్షలున్నాయి కదా: పైప్‌లైనింగ్, నాన్ ఎస్‌ఎమ్‌టీపీ కమాండ్, బేర్ న్యూలైన్. అవి మొదట చాలా బాగా అనిపించాయి. ఇప్పుడు ఆపేశాను. ఆ పరీక్షలు నెగ్గిన కొత్త సర్వర్‌ను పోస్ట్‌స్క్రీన్ మధ్యలో ఎస్‌ఎమ్‌టీపీడీకి అప్పగించలేదు. 450 చెప్పి, మళ్లీ రమ్మంటుంది. పెద్ద మెయిల్ కంపెనీలు మళ్లీ వస్తాయి, కానీ ఇంకో ఐపీ నుంచి. దానికీ 450. ఇలా తిరిగి తిరిగి మెయిల్ అందేసరికి, పది నిమిషాలే చెల్లే ఓటీపీ ఎందుకూ పనికిరాదు. పరీక్షలు కావాలనుకుంటే పోస్ట్‌స్క్రీన్_డీఎన్ఎస్‌బీఎల్_అలౌలిస్ట్_థ్రెషోల్డ్‌ను -1 చేయండి. డీఎన్ఎస్‌డబ్ల్యూఎల్‌లో పేరున్నవాళ్లు వాటిని తప్పించుకుంటారు. 3.6కు ముందు వెర్షన్లలో ఈ సెట్టింగ్ పేరులో అలౌలిస్ట్ బదులు వైట్‌లిస్ట్ ఉంటుంది.

మినహాయింపులు ఐపీతోనే ఇవ్వాలి. పోస్ట్‌స్క్రీన్ రివర్స్ డీఎన్ఎస్ చూడదు కాబట్టి ఫలానా డొమైన్‌ను వదిలేయమని చెప్పే వీలు లేదు. ఫలానా ఉద్యోగికి వచ్చేవి మాత్రం ఆపొద్దు అనడానికీ వీల్లేదు. సీఐడీఆర్ ఫైల్లో ఐపీ రేంజి, పక్కన పర్మిట్ రాసుకోవడమే. దానికి పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడపక్కర్లేదు, రీలోడ్ కావాలి.

కొత్తగా పెట్టేవాళ్లు తప్పేది ఎక్కువగా మాస్టర్.సీఎఫ్‌లోనే. పాత ఎస్‌ఎమ్‌టీపీ వరస కింద మైనస్ ఓ తో రాసుకున్న ఆప్షన్లు, ముఖ్యంగా కంటెంట్ ఫిల్టర్, కొత్త ఎస్‌ఎమ్‌టీపీడీ పాస్ వరస కిందికి మార్చాలి. మర్చిపోతే స్పామ్ ఫిల్టర్‌ను దాటేసి మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌కు వెళ్తుంది, లాగ్ ఏ ఎర్రరూ చూపదు. ఫోన్లలో, అవుట్‌లుక్‌లో పంపే పోర్టు ఇంకా 25 ఉంటే ముందు 587కో 465కో మార్పించండి. ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఐపీలు స్పామ్‌హాస్ పీబీఎల్‌లో (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితా) ఉండటం మామూలే. పోస్ట్‌స్క్రీన్ వాటిని పాస్‌వర్డ్ అడగకముందే తిప్పి పంపుతుంది. పెట్టిన మొదటి వారం అన్ని చర్యలనూ ఇగ్నోర్‌లోనే ఉంచండి, డీఎన్ఎస్‌బీఎల్, గ్రీట్ చర్యలకు అసలు డిఫాల్ట్ కూడా అదే. ఎవరికి ఎన్ని మార్కులు పడ్డాయో లాగ్‌లో వస్తూనే ఉంటుంది. అందులో తెలిసిన పేర్లు లేవని తేలాక ఎన్ఫోర్స్ చేయండి.

నా లెక్కలో ఇది ఉంచుకోదగ్గదే. కానీ నావి రెండు చిన్న సర్వర్లు, రెండూ కలిపి వంద మెయిల్‌బాక్సులు లేవు, మెయిల్ అందుకునే ఎమ్ఎక్స్ ఒక్కొక్కటే, ప్రతిదాని మీదా సొంత అన్‌బౌండ్ ఉంది. స్పామ్‌హాస్ ఉచిత వాడుక ఈ పరిమాణానికి సరిపోతోంది. పెద్ద సంస్థకు డబ్బు కట్టి తీసుకోవాల్సి రావచ్చు. మీ ముందు వేరే స్పామ్ గేట్‌వే ఉండి మెయిళ్లన్నీ దాని ఐపీ నుంచే వస్తుంటే పోస్ట్‌స్క్రీన్‌కు అక్కడ చేసే పనే లేదు, ఆర్‌స్పామ్‌డీ లాంటి స్పామ్ ఫిల్టర్ చాలు. సొంత రిజాల్వర్ నడిపే ఓపిక లేనివాళ్లు డీఎన్ఎస్‌బీఎల్ వరసను పూర్తిగా ఖాళీగా ఉంచి, పోస్ట్‌స్క్రీన్_గ్రీట్_యాక్షన్ ఒక్కటి ఎన్ఫోర్స్ చేసుకోండి. పలకరింపు పూర్తయ్యేదాకా ఆరు సెకన్లు ఆగలేక ముందే మాట్లాడేసే బాట్లు దానికే దొరికిపోతాయి.