ఏ వచనం చదవాలి?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తికి ధర రాక అప్పుల్లో మునిగిన ఇంటికి, క్యాన్సర్ రోగి మంచం దగ్గరికి, చావింటికి ప్రార్థనకు వెళ్లేవారు తరచూ బైబిల్లోని ఈ రెండు వచనాల్లో ఒకటి తెరుస్తారు.

పౌలు రాసిన రోమా పత్రికలో 8:18 రాబోయే మహిమ ముందు ఇప్పటి శ్రమలు ఎన్నదగినవి కావంటుంది. దెబ్బలు, చెరసాల, ఓడ పగలడం అన్నీ చూసిన పౌలు నోట అది చెల్లుతుంది. కడుపు నిండినవాడు చదివితే గద్దింపులా వినిపిస్తుంది. 22, 23 వచనాల్లో సృష్టీ విశ్వాసులూ మూలుగుతున్నారని కూడా ఉంది, అంతదాకా చదివేవారేరీ?

బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో 21:4 శ్రమను తూకం వేయదు. దేవుడే కన్నీరు తుడుస్తాడని, మరణం ఇక ఉండదని చెబుతుంది.

చావింట్లో నేనైతే ప్రకటనే చదువుతాను. రోమా పత్రిక ఆదరణ కూడిక (తర్వాత ఆ కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన కూటం) దాకా ఆగవచ్చు, అప్పుడైనా 23 వరకు చదవాలి.