డబ్బా వైన్ కొనాలా, సీసా కొనాలా?

రాత్రి భోజనంతో ఒక గ్లాసు చాలనుకునేవారికి ఈ ప్రశ్న తప్పదు. డబ్బా అంటే ఇక్కడ రేకు డబ్బా కాదు, లోపల వైన్ నింపిన ప్లాస్టిక్ సంచి, దానికి కుళాయి ఉన్న అట్టపెట్టె.

ఖర్చు: మూడు లీటర్ల డబ్బా అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. గాజు ఖర్చు, దాని బరువు మోసే ఖర్చు ఉండవు కనుక సాధారణంగా డబ్బాయే చౌక.

తెరిచాక: సీసా ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నుంచి ఐదు రోజులే. డబ్బా దాదాపు నెల రోజులు నిలుస్తుంది. వైన్ తగ్గేకొద్దీ లోపలి సంచి ముడుచుకుపోతుంది, గాలి అంతగా చొరబడదు. 1965లో ఆస్ట్రేలియాకు చెందిన థామస్ ఆంగోవ్ పేటెంట్ పొందిన ఉపాయమిది. అప్పట్లో సంచి మూల కత్తిరించి పోసుకుని, మళ్లీ క్లిప్పు పెట్టుకోవలసి వచ్చేది. కుళాయి తరువాత వచ్చింది.

తెరవకముందు: ఇక్కడ లెక్క తారుమారు. ప్లాస్టిక్ గుండా గాలి మెల్లగా చేరుతుంది కనుక డబ్బాను ఏడాదిలోపే వాడేయాలి.

నచ్చకపోతే: సీసా అయితే వంటలో పోసేయవచ్చు. డబ్బా అయితే నెలంతా మొహం చిట్లించుకుంటూ తాగాలి. పైగా కుళాయి తిప్పుతుంటే ఎంత తాగామో లెక్క తెలియదు, నాకైతే ఇదే పెద్ద లోపం.

రుచి తెలిసిన రకాన్ని రోజుకొక గ్లాసు తాగేవారికి, విందుకు పదిమందిని పిలిచినవారికి డబ్బా. కొత్త రకాలు రుచి చూసేవారికి, నెలకు రెండుసార్లు తాగేవారికి సీసా.