బొజ్జన్నకొండకి వెళ్తే ఆటో బేరం ముందే తేల్చుకోండి

బొజ్జన్నకొండ అంటే అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్లో ఉన్న పాత బౌద్ధ క్షేత్రం. కొండ ఎలా ఉందని ఎవరడిగినా ముందు ఆటో సంగతే చెబుతున్నాను. అంత మండింది.

విశాఖ నుంచి అనకాపల్లి దాకా బస్సులో హాయిగానే వెళ్లాం. 2022లో జిల్లా వేరుపడినా మా ఇంట్లో ఇంకా అది విశాఖ జిల్లానే. అక్కడ ఆటో మాట్లాడాను. శంకరం వెళ్లి, గంట ఆగి, తిరిగి రావడానికి 300. తీరా కొండ దిగేసరికి "వెయిటింగ్ వేరే, 600 ఇస్తేనే ఎక్కండి" అన్నాడు. గంట మీద పది నిమిషాలే దాటింది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యతో ఊరి బయట ఎండలో ఉన్నామని చూసే అడిగాడు. గొడవపడి, వచ్చినదానికే 300 చేతిలో పెట్టి పంపేశాను. అత్తయ్య నాతో మాట్లాడటం మానేశారు.

కొండ మాత్రం చూసి తీరాల్సిందే. బౌద్ధ భిక్షువులు ఉండే చోటుని సంఘారామం అంటారు, ఆ మాటే వాడుకలో శంకరం అయింది. 1906లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు చేయించాడు. పెద్ద గుహలో మా అబ్బాయి స్తంభాలు లెక్కపెట్టాడు, 16. మధ్యలో కొండరాతినే తొలిచిన స్తూపం. పక్కనున్న లింగాలకొండని చూసి అత్తయ్య చేతులు జోడించారు. అవీ స్తూపాలే, వరసగా లింగాల్లా కనిపిస్తాయని ఆ పేరు. చెప్పినా ఆవిడ చేతులు దించలేదు.

ఆటో పోయాక చెరకు తోటల వెంట నడుస్తుంటే పొగ కనిపించింది. బెల్లం వండుతున్నారు. పొయ్యిలో చెరకు పిప్పి మండుతోంది, పెద్ద పెనంలో పాకం బుడబుడలాడుతోంది. ఒకావిడ చిన్న పుల్లతో కాస్త పాకం తీసి నీళ్లలో వేసింది. అది ఉండకట్టగానే "అయిపోయింది, దింపండి" అని కేకేసింది. మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఎండలో నిలబడ్డారు, ఇలా రండి" అంటూ అరటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టింది. పొగ వాసన, వెన్నలా మెత్తదనం. నలభై ఏళ్లొచ్చాయి, బెల్లం రుచి నాకు ఆ రోజే తెలిసింది. అత్తయ్య రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు. తిన్నదానికి డబ్బులిస్తే ఆవిడ తీసుకోలేదు. కిలో 60 చొప్పున మూడు కిలోలు కొన్నాం.

వెళ్లేవాళ్లు సంక్రాంతి రోజుల్లో, పొద్దున్నే వెళ్లండి. నీళ్లు దగ్గర ఉంచుకోండి. ఆటోని ఆపి ఉంచకండి. బెల్లం పెట్టినావిడ చెప్పిన దారినే రోడ్డెక్కితే షేర్ ఆటో దొరికింది, తలకి 20. ముగ్గురికీ కలిపి 60తో అనకాపల్లిలో దిగాం.