డయాలసిస్‌కు ఏది మేలు: సొంత సిరా, ప్లాస్టిక్ గొట్టమా, ఆవు ధమనా?

ఏ.కొండూరు తండాల కిడ్నీ రోగులకైనా, విజయవాడలోని షుగర్ రోగులకైనా డయాలసిస్ అనగానే ముందుకొచ్చే ప్రశ్న ఇదే: సూదులు గుచ్చేందుకు చేతిలో దారి ఎలా చేయించుకోవాలి?

వీలుంటే ఫిస్టులానే. ముంజేతి సిరను ధమనికి కలిపి కుట్టే ఈ పద్ధతి 1966లో వెలుగులోకి వచ్చింది. ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు. ఒంట్లో పరాయి వస్తువు ఉండదు కనుక చీము పట్టడం, గడ్డకట్టి మూసుకుపోవడం తక్కువ. వేలు ఆనిస్తే జుమ్మని అదురు తెలుస్తుంది. అది ఆగిందంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చిక్కల్లా వ్యవధితోనే. సిర లావెక్కి సూదికి సిద్ధం కావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. ఈలోగా డయాలసిస్ మొదలైతే మెడలోని సిరలోకి దించే క్యాథెటర్ గొట్టమే గతి. డాక్టరు ముందే చెప్పినా "ఇప్పుడే ఎందుకులే" అని వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సిరలు సన్నగా ఉన్నా, పాడైపోయినా గ్రాఫ్ట్, అంటే ధమనికీ సిరకీ మధ్య ఒక గొట్టం వేస్తారు. ఈపీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టం సాధారణంగా రెండు మూడు వారాల్లో వాడకానికి వస్తుంది. కానీ సూది చేసిన రంధ్రాన్ని ప్లాస్టిక్ తనంతట తాను పూడ్చుకోలేదు. ఇన్ఫెక్షన్, గడ్డల బెడదా ఎక్కువే.

ఆవు మెడ ధమనిని ఎంజైముతో శుద్ధి చేసి, తోలు ఊనినట్టు గట్టిపరిచిన గొట్టాలను అమెరికాలో 1970ల నుంచే వాడుతున్నారు. ఆవుది అనగానే మొహం చిట్లించేవారూ ఉంటారు. ఆవు గుండె పైపొరతో చేసిన కవాటాలతో హాయిగా తిరుగుతున్నవారు ఎందరో ఉన్నారు మరి!

నాకు ఆశ కలిగించేది మాత్రం వేరే దారి: ప్రయోగశాలలో పెంచిన రక్తనాళం. మినెసోటా విశ్వవిద్యాలయంలో గొర్రె చర్మ కణాలతో గొట్టం పెంచి, ఆ కణాలను కడిగేసి, మిగిలిన అల్లికను గొర్రెపిల్లలకు అమర్చారు. వాటి సొంత కణాలు అందులో కాపురం పెట్టాయి, గొర్రెపిల్లలతోపాటు నాళమూ పెరిగింది. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. మానవ కణాలతో ఇదే తరహాలో చేసిన సిమ్‌వెస్ అనే నాళానికి 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అది గాయాలతో కాళ్లూ చేతుల ధమనులు దెబ్బతిన్నవారికే, డయాలసిస్‌కు కాదు.

కాబట్టి వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కిడ్నీ పనితీరు పడిపోతోందని తెలిసిన రోజు నుంచే, కుడిచేతివాటం వారైతే ఫిస్టులా కోసం ఎడమ చేతిని సూదులు పడకుండా కాపాడుకోండి. సెలైన్‌కు, రక్తపరీక్షకు కుడి అరచేతి వెనుక భాగాన్ని చూపించండి.