జీసీసీ 11లో డీబగ్ ఫార్మాట్: డిఫాల్ట్ మార్పుపై సమీక్ష

సోర్సు కోడ్‌ను యంత్ర కోడ్‌గా మార్చే కంపైలర్‌కు 'మైనస్ జీ' (-g) అన్న ఆప్షన్ ఒక్కటి ఇచ్చి, డీబగ్ సమాచారం (తప్పులు వెతికేందుకు యంత్ర కోడ్‌ను సోర్సుతో ముడిపెట్టే వివరాలు) ఏ ఫార్మాట్‌లో రావాలో చెప్పకుండా వదిలేసేవారే మనలో ఎక్కువ. వారందరి తరఫునా ఆ నిర్ణయం కంపైలర్ రూపకర్తలదే కాబట్టి, 2021లో వచ్చిన జీసీసీ 11 కంపైలర్ అధిక శాతం ప్లాట్‌ఫారాలపై డ్వార్ఫ్ అనే డీబగ్ ఫార్మాట్ 4వ వెర్షన్ (డ్వార్ఫ్ 4) స్థానంలో డ్వార్ఫ్ 5ను డిఫాల్ట్ చేయడం ఆ విడుదలలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మార్పు. డ్వార్ఫ్ 5 ప్రమాణం 2017లోనే వెలువడినా, దాన్ని చదవగల పనిముట్లు సిద్ధమయ్యేదాకా ఆగడం సబబే. 2022లో మరో కంపైలర్ క్లాంగ్ 14 కూడా ఇదే బాట పట్టింది.

మేలు ఎంతటిదో లైన్ టేబుల్‌ను (యంత్ర కోడ్‌లోని ఏ భాగం ఏ ఫైలులో ఏ లైనుకు చెందినదో చెప్పే పట్టికను) విప్పి చూస్తే తెలుస్తుంది. పాత పద్ధతిలో ఫైళ్ల వరుస 1తో మొదలయ్యేది. సున్నా నంబరు డైరెక్టరీ (కంపైలేషన్ జరిగిన చోటు) ఏదో తెలియాలంటే డీబగ్ సమాచారంలోని కంపైలేషన్ యూనిట్ అనే వేరే భాగంలోకి వెళ్లి వెతకవలసి వచ్చేది. ఇప్పుడు ఆ డైరెక్టరీ, అసలు సోర్సు ఫైలు పేరు రెండూ టేబుల్ హెడర్‌లోనే సున్నా స్థానాల్లో ఉంటాయి కనుక, మిగతా డీబగ్ సమాచారం లేకున్నా పూర్తి పాత్ చదువుకోవచ్చు. ఎన్నో ఆబ్జెక్ట్ ఫైళ్లలో పదే పదే వచ్చే డైరెక్టరీ పేర్లను, ఆ ఫైళ్లను కలిపే లింకర్ ప్రత్యేక సెక్షన్‌లో ఒక్కసారే ఉంచగలదు. పెద్ద ప్రాజెక్టులు కట్టేవారికి ఇది చిన్న విషయం కాదు.

అభ్యంతరం ఒకటుంది. అసెంబ్లర్, లింకర్ వంటి పనిముట్లుండే బైన్‌యుటిల్స్ ప్యాకేజీ 2.35.2 కన్నా పాతదానితో కట్టిన జీసీసీ, డ్వార్ఫ్ 5 కావాలని స్పష్టంగా అడిగినా సరే, లైన్ టేబుల్‌ను మాత్రం 4లోనే రాస్తుంది. ఏదో ఒకటి పనిచేసేలా చూడాలన్న ఉద్దేశం మంచిదే గానీ, ఫైలు లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌తో చూసినప్పుడు ఒకే ఫైలులో రెండు వెర్షన్లు ఎదురైన వాడు కారణం కోసం విడుదల పత్రం దాకా వెళ్లవలసి రావడం బాగాలేదు. ఇక్కడ ఒక హెచ్చరిక వాక్యం ఉండి తీరాలి. పైగా డ్వార్ఫ్ 5 తెచ్చిన పేర్ల సూచికను (ఏ పేరు ఎక్కడుందో చూపే పట్టికను) జీసీసీ 11 రాయదు, కాబట్టి పెద్ద ప్రోగ్రామును డీబగ్గర్ జీడీబీ త్వరగా తెరుస్తుందన్న ఆశతో దీనికి మారవద్దు.

జీడీబీ 8.0, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ 3.17.0, డీబగ్ సమాచారం చదివే ఎల్ఫ్‌యుటిల్స్ 0.172 లేదా వాటికన్నా కొత్తవి ఉన్నవారు డిఫాల్ట్‌ను నిశ్చింతగా అలాగే ఉంచుకోవచ్చు. పాత సర్వర్ల మీద పాత వాల్‌గ్రైండ్ నడపక తప్పనివారు మాత్రం బిల్డ్ ఫైలులో 'మైనస్ జీడ్వార్ఫ్-4' (-gdwarf-4) అని స్పష్టంగా రాసుకోవాలి.