ఒంగోలులో సెకండ్ హ్యాండ్ సెడాన్: సిటీ పెట్రోలా, సియాజ్ డీజిలా?

పాత హోండా సిటీ పెట్రోల్‌లో ఇంజన్‌తో టెన్షన్ తక్కువ. 2003 తర్వాతి మోడళ్లలో వాల్వులను సమయానికి తెరిచి మూసేలా తిప్పేది టైమింగ్ చైనే కాబట్టి బెల్టు మార్చే ఖర్చుండదు. టక టక శబ్దమొస్తే ముందు ట్యాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు) సెట్ చేయించి చూడాలి. ఎక్కువసార్లు అక్కడితోనే సరిపోతుంది. బండి కిందికుంటుంది, అదే దాని బాధ. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు అడుగు రాసుకుంటుంది. సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగితే గుంతల్లో లొటలొటలాడుతుంది. అయినా బయట మెకానిక్ దగ్గర వేలల్లో తేలిపోతుంది.

మారుతి సియాజ్ 1.3 డీజిల్ సంగతి వేరు. మైలేజీలో సిటీ దాని దరిదాపుల్లోకి రాదు. కానీ ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో, డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు ఎలా ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. రెండూ ఒకేసారి మొరాయిస్తే బిల్లు 50 వేలు దాటినా ఆశ్చర్యం లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించండి. ఫిల్టర్ కొత్తగా మెరుస్తున్నా, దాని అవతలి గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే తెల్లటి దుమ్ము అంటిందా, అది ఇంజన్‌లోకి పోయినట్టే, బేరం అక్కడే ఆపేయండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొట్టినా అంతే.

రోజూ హైవే మీద నెల్లూరు వెళ్లొచ్చేవాళ్లకు సియాజే గిట్టుబాటు. టౌన్‌లో పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్ వరకే అయితే నా ఓటు సిటీకి.